ఒకే ఇంట్లో రెండు దేశాల పోస్టల్ ఓట్లు: నా మార్కులు

మిక్సీ కొంటే రివ్యూ రాస్తాం, పక్క వీధిలో ఇడ్లీ కొట్టు తెరిస్తే రాస్తాం. ఓటు వేయించే సర్వీసుకి మాత్రం ఎవరూ రాయరు. నాకు రెండు సర్వీసులు ఒకే ఏడాదిలో, ఒకే డైనింగ్ టేబుల్ మీద వాడి చూసే అవకాశం వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

ముందు మేమెవరమో చెప్పాలి. చెన్నై వెస్ట్ మాంబలంలో మా అమ్మ, నేను, మా ఆవిడ ఉంటాం. అమ్మకి 2024లో 89 ఏళ్ళు. మేమిద్దరం టెక్సాస్‌లో ఇరవై నాలుగేళ్ళు ఉండి, అక్కడి పౌరసత్వం తీసుకుని, అమ్మని చూసుకోవడానికి 2018లో తిరిగొచ్చేశాం. ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్ళకి ఇచ్చేది) ఉంది కానీ ఇక్కడ ఓటు లేదు. "నలభై ఏళ్ళు నేను చదివించిన ఊళ్ళో నీకు ఓటు లేదురా" అని అమ్మ ఎన్నికలొచ్చినప్పుడల్లా అంటుంది. ఆవిడకి ఇక్కడ ఓటు, మాకు అక్కడ ఓటు. ఇద్దరికీ కావాల్సింది పోస్టల్ బ్యాలెటే.

అమ్మ సంగతి ముందు. ఇంటి దగ్గరే ఓటేసే పద్ధతి 2019 అక్టోబరులో నిబంధనలు మార్చి తెచ్చారు. అప్పుడు 80 దాటినవాళ్ళకి, 40 శాతం వైకల్యం ఉన్నవాళ్ళకి ఇచ్చారు. 2024 మార్చిలో ఆ 80ని 85 చేశారు. మా కింది వాటాలో ఉండే మామయ్యగారు (నాకు మామయ్య కాదు, వీధి మొత్తానికీ మామయ్య) 2021 అసెంబ్లీ ఎన్నికలప్పుడు అర్హులు, మూడేళ్ళు పెద్దవారయ్యాక అనర్హులు. వయసు పెరిగితే అర్హత పోయే స్కీము ఇదొక్కటే చూశానని ఆయన ఇప్పటికీ నవ్వుతారు.

దీనికి ఫారం 12డి ఇవ్వాలి. వెబ్‌సైటు నుంచి దించుకోవచ్చు కానీ, మా ఇంటికి సంబంధించినంత వరకు నడిచింది మాత్రం కాగితమే. బీఎల్ఓ (బూతు స్థాయి ఎన్నికల ఉద్యోగి) ఇంటికొచ్చి ఫారం ఇచ్చి, నింపాక మళ్ళీ వచ్చి తీసుకెళ్ళాలి. నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లోపు అది రిటర్నింగ్ ఆఫీసరుకి చేరాలి. తమిళనాడుకి మార్చి 20న నోటిఫికేషన్ వచ్చింది, అంటే 25 ఆఖరు. ఈ ఐదు రోజుల టెన్షన్ ఎవరికి తెలుస్తుంది? బీఎల్ఓ అమ్మాయికి తెలుస్తుంది. ఎండలో మూడో అంతస్తు ఎక్కి వచ్చి, "పాట్టీ, ఇంగే కైయెళుత్తు పోడుంగ" అంది. అమ్మ కళ్ళజోడు వెతుక్కుని, తెలుగులో, పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్కో అక్షరమూ దిద్దినట్టు సంతకం పెట్టింది. ఆ పిల్ల గడియారం చూసుకుంటూనే ఓపిగ్గా నిలబడింది. నేను మజ్జిగ ఇస్తే, ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి సార్ అని నిలబడే తాగేసి వెళ్ళిపోయింది.

ఇది ఆన్‌లైన్లో పెడితే ఆ అమ్మాయికి రెండుసార్లు మెట్లెక్కే పని తప్పేది కదా అని అప్పుడే అనిపించింది. ఫారంలో ఉన్నదేమిటి? పేరు, ఓటరు కార్డు నంబరు, అడ్రసు, వయసు, ఫోను నంబరు. ఫోను నంబరు తప్ప ఇవన్నీ ఓటరు జాబితాలో ఉన్నవే. ఓటీపీతో అయిపోయే పని. కానీ ఓటీపీ వచ్చే ఫోను అమ్మది కాదు, నాది. 85 దాటినవాళ్ళలో ఎంతమందికి సొంత ఫోను ఉంటుంది? ఇంట్లో ఎవరో ఒకరు పెద్దావిడ పేరుతో నొక్కేస్తే అడిగేదెవరు? బీఎల్ఓ వచ్చి ఎదురుగా సంతకం పెట్టించుకోవడంలో ఆ భరోసా ఉంది. ఆన్‌లైన్ పెట్టండి, కానీ కాగితం దారి కూడా మూసేయకండి అని నేనంటాను.

ఫారం వెళ్ళాక జాబితాలో అమ్మ పేరు పక్కన పోస్టల్ బ్యాలెట్ అని గుర్తు పడుతుంది. ఆ గుర్తు పడ్డాక బూతుకి వెళ్ళినా ఓటు వేయనివ్వరు. ఇది చాలామందికి తెలీదు. మా వీధిలో ఒకావిడ ఫారం ఇచ్చి, తీరా ఇంటికొచ్చి ఓటు వేయించే బృందం రెండుసార్లు వచ్చినప్పుడూ కూతురింట్లో ఉండి, పోలింగ్ రోజు బూతుకెళ్ళి తిరిగొచ్చింది.

బృందం ఏప్రిల్ మొదట్లో వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు మేం కంటి ఆసుపత్రిలో ఉన్నాం, తలుపుకి తాళం. నిబంధన ప్రకారం ఇంకోసారి వస్తారు, వచ్చారు. ఇద్దరు పోలింగ్ అధికారులు, ఒక వీడియోగ్రాఫర్, ఒక పోలీసు, కింద వ్యానూ డ్రైవరూ. పార్టీల ఏజెంట్లు కూడా వెంట ఉండొచ్చు, మాకు ఒకాయన వచ్చాడు. హాల్లో చోటు చాలక అతను చెప్పుల స్టాండు పక్కన నిలబడ్డాడు. ఇంతమందిని చూసి అమ్మ "ఎవరైనా పోయారనుకుంటారురా చుట్టుపక్కల" అంది తెలుగులో. పోలీసతనికి తెలుగొచ్చేమో, నవ్వు ఆపుకోలేకపోయాడు.

టేబుల్ మీద ఆవకాయ జాడీ తీసేసి, దాని నూనె మరక మీద మా ఆవిడ పేపరు పరిచింది. వాళ్ళు తెచ్చిన మడత అట్టని మూడు వైపులా అడ్డుగా నిలబెట్టారు. బ్యాలెట్ కాగితం పొడుగ్గా ఉంది. అమ్మ తమిళం బాగానే చదువుతుంది కానీ పై నుంచి కింది దాకా ప్రతి పేరూ పెదవులు కదుపుతూ చదివింది. వీడియో తీసే కుర్రాడు కెమెరా గోడవైపు తిప్పాడు. సాయం కావాలంటే నేను పక్కనుండవచ్చని అధికారి అంటే, అమ్మ నావైపు చూసి "వీడు అమెరికా వాడు, వీడికెందుకు" అంది. నేను వంటింట్లోకి వెళ్ళాను. గుర్తు పెట్టి, మడిచి, చిన్న కవరులో పెట్టి అంటించారు. డిక్లరేషన్ మీద అధికారి సంతకం, ఆ రెండూ కలిపి పెద్ద కవరులో. జిగురు ఆరేదాకా అధికారి దాన్ని బొటనవేలితో నొక్కి పట్టుకుని కూర్చున్నారు. మొత్తం ఇరవై రెండు నిమిషాలు.

ఒక్క ఓటుకి ఆరుగురు మనుషులు, ఒక బండి, రెండు ట్రిప్పులు. లోక్‌సభ ఎన్నికల ఖర్చంతా కేంద్రానిది, శాంతిభద్రతల ఖర్చు రాష్ట్రానిది. కాబట్టి ఆ పోలీసు జీతం చెన్నై నుంచి, మిగతావాళ్ళ భత్యం ఢిల్లీ నుంచి అన్నమాట. ఆ ఏడాది జాబితాలో 85 దాటినవాళ్ళు దాదాపు 82 లక్షల మంది ఉన్నారని ఎన్నికల కమిషనే చెప్పింది. అందరూ అడగరు, అది వేరే సంగతి. అడిగితే ఆ వ్యాన్లు ఎన్ని కావాలో ఊహించుకోండి. ఇందులో ఫారం ఆన్‌లైన్ చేస్తే మిగిలేది ఎంత? బీఎల్ఓ రెండు రాకలు, ఎవరో కూర్చుని కంప్యూటర్లో టైపు కొట్టే పని. వ్యాను ఖర్చు ముందు అది చిల్లర. అయినా ఈ వ్యాను ఖర్చు దండగ అని నేననను. ఆ రోజు మా అమ్మ సాయంత్రం దాకా పట్టుచీర మార్చలేదు.

సర్వీసుకి నా మార్కులు: అయిదుకి నాలుగున్నర. ఓటు చేరిందో లేదో తర్వాత ఒక్క ఎస్ఎంఎస్ కూడా రాలేదు, ఆ అర మార్కు దానికి.

ఇక మా ఓటు. విదేశాల్లో ఉన్న అమెరికా పౌరుల ఓటు వ్యవహారం చూసేది, నమ్మరు గానీ, వాళ్ళ రక్షణ శాఖ. సైనికుల కోసం పుట్టిన ఏర్పాటులోకే మాలాంటివాళ్ళని 1986 చట్టంతో కలిపారు. 2009లో ఇంకో చట్టం తెచ్చి, ఖాళీ బ్యాలెట్‌ని ఎన్నికకి 45 రోజుల ముందే, అడిగితే ఈమెయిల్లాంటి దారిలో పంపాలని రాష్ట్రాలకి చెప్పారు. అడగడానికి ఒక పోస్టుకార్డు దరఖాస్తు ఉంది. పేరు పోస్టుకార్డే, పని పీడీఎఫ్. నేను ఇంట్లో కూర్చుని నింపి, ప్రింటు మీద సంతకం పెట్టి, ఫోనుతో స్కాన్ చేసి మా పాత కౌంటీ (మన జిల్లా లాంటిది) ఎన్నికల ఆఫీసుకి ఈమెయిల్ పెట్టాను. పదకొండు నిమిషాలు. ఖర్చు: కాగితం ఒకటి. మర్నాడు పొద్దున్నే అందిందని జవాబు. అడిగే దశకి అయిదుకి అయిదు, ఆలోచించక్కర్లేదు.

ఇక్కడే అసలు తమాషా. మా స్నేహితుడు ఒకడు అదే ఊళ్ళో ఉంటాడు, నాకంటే రెండేళ్ళు పెద్ద. టెక్సాస్‌లో 65 దాటితే కారణం చెప్పకుండా పోస్టులో ఓటెయ్యొచ్చు, కాబట్టి అతను అర్హుడే. కానీ ఆన్‌లైన్లో అడగడానికి వీల్లేదు. ప్రింటు తీసి, పెన్నుతో సంతకం పెట్టి, స్టాంపు అంటించి పంపాలి. ఈమెయిల్ చేసినా, అసలు కాగితం 4 పనిదినాల్లో చేరాలి. పధ్నాలుగు వేల కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, మాంబలంలో ఉన్న నేను ఈమెయిల్తో అడగొచ్చు, కౌంటీ ఆఫీసుకి కారులో పావుగంట దూరంలో ఉన్నవాడు అడగకూడదు. పెన్సిల్వేనియా, వర్జీనియా లాంటి చోట్ల ఊళ్ళో ఉన్నవాళ్ళకీ ఆన్‌లైన్ ఉంది.

ఆన్‌లైన్ పెడితే ఖర్చు ఎక్కువని అంటారు. టెక్సాస్ శాసనసభలో ప్రతి బిల్లుకీ దాని ఖర్చు అంచనా ఒక కాగితం జతచేస్తారు, అది మంచి అలవాటే. రిటైరయ్యాక నాకు పట్టిన పిచ్చుల్లో ఇలాంటి కాగితాలు చదవడం ఒకటి. ఆన్‌లైన్ దరఖాస్తు అనగానే అందులో కనిపించే పద్దులు ఒకే రకంగా ఉంటాయి: సాఫ్ట్‌వేరు రాసేవాళ్ళ జీతం, డ్రైవింగ్ లైసెన్సుల రికార్డుతో సరిచూసే ఏర్పాటు, భద్రత, ఏటా మరమ్మతు. అన్నీ నిజమైన ఖర్చులే, నేను కాదనను. ముప్ఫై ఏళ్ళు సాఫ్ట్‌వేర్లో ఉన్నవాణ్ణి, "చిన్న వెబ్‌పేజీయే కదా" అన్న మాట ఎంతకి తేలుతుందో నాకు తెలుసు.

కానీ కాగితానికయ్యే ఖర్చు ఏ కాగితంలో కనిపిస్తుంది? టెక్సాస్‌లో 254 కౌంటీలు, ఎన్నికలు నడిపేది కౌంటీలే. హ్యూస్టన్ ఉన్న హారిస్ కౌంటీలో 40 లక్షలకి పైగా జనం, 2020 లెక్కల్లో లవింగ్ కౌంటీలో మొత్తం 64 మంది. కవరు చింపడం, చేతిరాత చదివి టైపు కొట్టడం, అంకె తప్పితే ఫోను చెయ్యడం, మళ్ళీ కవరు పంపడం - ఇదంతా 254 చోట్ల చిల్లర చిల్లరగా పోతుంది. ఆన్‌లైన్ ఖర్చు ఒక్క బిల్లుగా వచ్చి కళ్ళముందు పడుతుంది కాబట్టి అదే ఎక్కువనిపిస్తుంది. అరిజోనా 2002లో దేశంలో మొదటగా ఓటరు నమోదు ఆన్‌లైన్లో పెట్టింది. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో తర్వాత లెక్కగడితే, ఒక కాగితం ఫారం చూడ్డానికి 83 సెంట్లు, ఆన్‌లైన్ ఫారానికి సగటున 3 సెంట్లు అయ్యాయి. అది నమోదు లెక్క, బ్యాలెట్ అడిగే లెక్క కాదు. కానీ రెండు ఫారాల్లోనూ చేసే చాకిరీ ఒక్కటే: ఒకరు రాసింది ఇంకొకరు చూసి టైపు కొట్టడం.

ఇంకో ఖర్చుంది, దాన్ని డాలర్లలో చెప్పలేం. 2021లో టెక్సాస్ చట్టం మార్చి, దరఖాస్తు మీదా, తిరిగి పంపే కవరు మీదా గుర్తింపు నంబరు రాయాలన్నారు. 2022 మార్చిలో ప్రైమరీ (పార్టీలు అభ్యర్థుల్ని ఎంచుకునే) ఎన్నిక. పోస్టులో వచ్చినవాటిలో 12 శాతానికి పైగా, అంటే 24,000 దాటి ఓట్లు చెల్లలేదు. చాలావాటిలో తప్పు ఒక్కటే: కవరు రెప్ప కింద ఉన్న గళ్ళు నింపకపోవడం. నంబరు ఇవ్వకపోతే వెబ్‌పేజీ ముందుకి కదలదు, ఎర్రగా చూపించి అక్కడే ఆపుతుంది. కాగితం దేన్నీ ఆపదు, అంతా మింగి ఊరుకుంటుంది. మా స్నేహితుడి దరఖాస్తు కూడా ఆ ఏడాది ఒకసారి వెనక్కొచ్చింది. పౌరసత్వం తీసుకుని ఓటు నమోదు చేసుకున్నప్పుడు ఇచ్చిన నంబరు ఒకటి, ఇప్పుడు రాసింది ఇంకొకటి అట.

మా ఓటు దగ్గరికొస్తాను. అడగడం సుఖం, తిరిగి పంపడమే కష్టం. సెప్టెంబరు ఆఖర్లో బ్యాలెట్ ఈమెయిల్లో వచ్చింది, స్పామ్‌లో పడుంటే మా ఆవిడ చూసింది. తిరిగి రావడం ఖాయం కాదని రాశాం కాబట్టి కేంద్ర పదవుల బ్యాలెట్టే ఇచ్చారు: అధ్యక్షుడు, సెనేట్, ప్రతినిధుల సభ. ఒకే పేజీ. దాన్ని తీసుకుని వీధి చివర జెరాక్స్ షాపుకి వెళ్ళాను. అమెరికా కాగితం కొలత వేరు, మన ఏ4 వేరు. ఏ4 కాస్త పొడుగు, కాస్త సన్నం. షాపు కుర్రాడు పెట్టిన మొదటి ప్రింటులో కుడివైపు అంచు తెగింది. "ఫిట్ పండ్రేన్ సార్" అని కుదించాడు. ఇంతకీ ఏమిటిది అని స్క్రీన్లోకి తొంగిచూసి, కమలా హారిస్ పేరు చదివి, "మన్నార్‌గుడి పక్కం తానే" అన్నాడు. ఆవిడ తాతగారి ఊరు తులసేంద్రపురం అటువైపే మరి. పక్కన ఆధార్ కాపీలకి నిలబడ్డ ఇద్దరు కూడా వచ్చి చూశారు. ఖాళీ బ్యాలెట్ కాబట్టి రహస్యం ఏమీ పోలేదనుకోండి. బ్యాలెట్, డిక్లరేషన్, కవరు మీద అంటించే ముద్ర, ఇద్దరికీ కలిపి నలభై రూపాయలు.

టెక్సాస్ నింపిన బ్యాలెట్‌ని ఈమెయిల్లో తీసుకోదు. యుద్ధభూమిలో ఉన్న సైనికులకి ఫ్యాక్స్ సౌకర్యం ఉంది. అంతరిక్షంలో ఉన్నవాళ్ళకి ఎలక్ట్రానిక్ దారి కూడా ఉంది, 1997లో దానికోసమే చట్టం చేశారు, ఆ నవంబరులోనే డేవిడ్ వుల్ఫ్ అనే వ్యోమగామి మీర్ స్టేషన్ నుంచి ఓటేశాడు. మాంబలం ఇంకా ఆ జాబితాలోకి ఎక్కలేదు. ఓటు రహస్యం, హ్యాకింగ్ భయం అంటారు. ఆ భయం నాకూ ఉంది, ఈ విషయంలో వాళ్ళతో గొడవ లేదు. అడగడం వేరు, ఓటు వేయడం వేరు. ఆన్‌లైన్ అనగానే ఈ రెంటినీ కలిపేసి భయపెట్టేవాళ్ళతోనే నా గొడవ.

కొరియర్ వాడు రెండిటికీ కలిపి ఐదు వేలకి దగ్గరగా చెప్పాడు. వద్దనుకుని జెమినీ సర్కిల్ దగ్గర కాన్సులేట్‌కి వెళ్ళి ఇచ్చాం. స్టాంపు ఉండాల్సిన చోట పోస్టేజీ కట్టేసినట్టు ముద్ర ప్రింటు చేసి అంటిస్తే, దౌత్య సంచిలో ఉచితంగా వెళ్తుంది. ఉచితం మాకు, ఖర్చు అక్కడి ప్రభుత్వానికి. చేరడానికి వారాలు పడుతుంది కాబట్టి ముందే ఇవ్వాలి. ఆటోకి రానూపోనూ మూడు వందల ఎనభై.

అక్కడితో ఖర్చు ఆగలేదని తర్వాత తెలిసింది. ఎన్నికల రోజుల్లో కౌంటీలో పని చేసే ఒకావిడ చెప్పింది: మేం ఏ4 మీద ప్రింటు తీసిన బ్యాలెట్ అక్కడి మెషీన్లో పట్టదు. కాబట్టి ఇద్దరు కూర్చుని, ఒకరు చదువుతుంటే ఇంకొకరు అసలు బ్యాలెట్ మీద మళ్ళీ గుర్తులు పెడతారు. జెరాక్స్ షాపు కుర్రాడి "ఫిట్"కి ఇద్దరు మనుషుల జీతం. ఖర్చు కాగితాల్లో ఈ పద్దు నేనెక్కడా గమనించలేదు.

తిరిగి పంపే దశకి రెండున్నర మార్కులు. అడిగే దశ అయిదుతో కలిపితే సగటు చెప్పుకోవచ్చు కానీ, అర్థం లేదు.

మన దగ్గరా సైనికులకి బ్యాలెట్ ఆన్‌లైన్లో పంపే పద్ధతి 2016 నుంచే ఉంది. క్యూఆర్ కోడుతో వస్తుంది, ప్రింటు తీసి, గుర్తు పెట్టి పోస్టులో తిప్పి పంపుతారు. 2024లో ఇలా సైన్యంలాంటి కొలువుల్లో ఉన్న సర్వీసు ఓటర్లు 19 లక్షల పైనే. అంటే చెయ్యడం చేతకాక కాదు. విదేశాల్లో ఉన్న భారతీయ ఓటర్లకి కూడా ఇస్తామని 2020లో కమిషన్ ప్రభుత్వానికి రాసింది కూడా.

జూన్ 4న పొద్దున్న ఎనిమిదికి అమ్మ టీవీ ముందు కూర్చుంది. ముందు పోస్టల్ ఓట్లు లెక్కపెడతారు, అరగంట తర్వాతే మెషీన్లు. "ముందు మావే" అని కింది వాటా మామయ్యగారికి ఫోను చేసి మరీ చెప్పింది. నవంబరులో నా ఓటు అందిందని కౌంటీ నుంచి రెండు లైన్ల ఈమెయిల్ వచ్చింది. చదివి వినిపించాను.

"ఇంటికెవరూ రాలేదా?" అంది అమ్మ.

"లేదమ్మా, అంతా ఈమెయిలే."

"మజ్జిగ కూడా ఇవ్వక్కర్లేదన్నమాట" అని, కాసేపాగి, "అదేం ఓటురా" అంది.